ఆత్మరక్షణ కొమ్ములు

ఒక పెద్ద అడవిలో, మనకంటే పరువు ఎక్కువున్న జంతువులు కాపురముండేవి. అక్కడ పెళ్ళి ఊరేగింపు అంటే కొమ్ములున్నవాళ్ళు ముందు నడుస్తూ వాటిని ఝళిపించాల్సిందే. బారసాలనాడు పెద్దలు పిల్లాడి చెవిలో ఊదే మాట కూడా ఒకటే: "పొడిచేవాడివి కావాలి నాయనా!"

అడవిదున్న వీరభద్రం అక్కడి పంచాయతీకి అధ్యక్షుడు. ఆయన కొడుకు పెళ్ళి ఊరేగింపులో ఎవరికో ఉత్సాహం ఎక్కువై, కొమ్ము పక్కకి దిగింది. చూడ్డానికొచ్చిన కుందేలు చెంగమ్మ పెద్దకొడుకు అక్కడికక్కడే పోయాడు. బాజాలు ఆగలేదు.

చెంగమ్మ మిగిలిన చిన్నవాణ్ణి చంకనేసుకుని పంచాయతీకి వచ్చింది.

"అయ్యా, కొమ్ములు తీసెయ్యమనట్లేదు. నలుగురిలోకి వచ్చేటప్పుడు మొనలకి కాస్త బెరడు చుట్టుకోండి. వీడైనా నాకు దక్కుతాడు."

సభ గొల్లున నవ్వింది.

"బెరడా! మా తాతలు చూస్తే ఏమనుకుంటారమ్మా?" అన్నాడు వీరభద్రం. "అయినా కొమ్ము దానంతటది పొడుస్తుందా? పొడిచేది కోపం."

"అయితే ఆ కోపం సంగతైనా చూడండి."

"కోపమా? అది మన సంస్కృతి!"

కార్యదర్శి నక్క జంబులింగం గొంతు సవరించుకున్నాడు. "అసలు లోపం ఎక్కడుందంటే, ఆ పిల్లాడికి కొమ్ముల్లేవు. అందరికీ ఉంటే ఎవరి జోలికి ఎవరొస్తారు?"

చప్పట్లు మోగాయి. దుప్పులు రాల్చిన కొమ్ములు ఏరించి, లేనివాళ్ళందరి నెత్తినా తీగలతో బిగించారు. చెంగమ్మ వద్దంటే ఇరుగుపొరుగు "పౌరుషం లేని కొంప" అని మొహం మీదే అన్నారు. చివరికి తన తలకి కట్టించుకుంది గానీ, కొడుకు జోలికి మాత్రం రానివ్వలేదు.

ఇదివరకు గరికపోచ దగ్గర కుందేళ్ళు తిట్టుకునేవి, తిట్లు అయిపోతే ఇళ్ళకి పోయేవి. ఇప్పుడు తిట్టు సగంలో ఉండగానే పోటు. నేరేడుపండు వాటా తగ్గిందని ఉడతల్లో పోటు. కోతి నవ్వితే "నన్ను చూసేనా?" అని పోటు. వీరభద్రం మాత్రం "అడవికి పౌరుషం వచ్చింది" అని మురిసిపోయాడు.

ఆ మురిపెంలోనే మనవడి బారసాల చేశాడు. చెవిలో మాట ఊదగానే ఉడతలు ఉత్సాహపడి కొమ్ములు ఝళిపించాయి. ఒకటి వెళ్ళి అధ్యక్షుడి పిర్రలో దిగింది.

"చట్టం! ఈ క్షణమే చట్టం!" అని కుంటుతూ అరిచాడాయన.

చట్టం వచ్చింది. పుట్టుకతో లేనివాళ్ళెవరూ కొమ్ములు పెట్టుకోకూడదు. ఉన్నవాళ్ళవి ఎప్పట్లాగే ఉంటాయి.

"మరి బెరడు?" అని అడిగింది చెంగమ్మ.

"నీ బాధ మాకు తెలీదా తల్లీ? అందుకే మీవాడికి రాతి విగ్రహం పెడుతున్నాం" అన్నాడు జంబులింగం.

పెట్టారు. దాని ముందు ఊరేగింపు కూడా తీశారు, కొమ్ములు ఝళిపిస్తూ. చెంగమ్మ చిన్నవాణ్ణి గట్టిగా పట్టుకుని దూరంగా నిలబడింది. ముసుగు తీస్తే, రాతి కుందేలు నెత్తి మీద బారెడు కొమ్ములు!

చిన్నవాడు కళ్ళింత చేసుకుని చూశాడు. రెండు పుల్లలు ఏరి నుదుటికి ఆనించుకున్నాడు.

"అమ్మా, అన్న ఎంతమందిని పొడిచాడే?"

చెంగమ్మ ఆ పుల్లలు లాక్కుని విరిచేసింది. వాడు ఏడుస్తూ, ఇంకో రెండు ఏరుకోడానికి ఊరేగింపులోకి పరిగెత్తాడు.

నీతి: అడవిలో పిల్లలకి కొరత రావచ్చు గానీ, విగ్రహాలకి రాయి కొరత ఎన్నటికీ రాదు.