రోగికి కుడివైపు

ఆ రోజుకి ప్రొఫెసరు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున క్లాసులో కృత్రిమ మేధ పరువు తీయాలి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి భోంచేయాలి, ఆపైన కాసేపు కునుకు తీయాలి.

ఆయన కోపానికి కారణం లేకపోలేదు. వైద్య కళాశాలలో ఆయన వార్డు క్లాసంటే ఒక పేరుంది. పుస్తకాలు మూయించి, పిల్లల్ని రోగి మంచం పక్కన నిలబెట్టి, చెయ్యి పట్టుకుని నాడి చూడడం, వేలితో తట్టి ఛాతీ చప్పుడు వినడం, పొట్ట నొక్కి కాలేయం అంచు అందుకోవడం నేర్పేవారు. సరిగ్గా ఆ క్లాసు మీదే డీను కన్ను పడింది. వచ్చే టర్ము నుంచి ఆ గంటలన్నీ తీసేసి కంప్యూటర్ ల్యాబుకి ఇస్తానన్నాడు. ముందుగా 'ఏఐ, వైద్యం భవిష్యత్తు' అని ఒక నమూనా క్లాసు పెడదామనీ, అది బాగా జరిగితే ఖాయం చేద్దామనీ అన్నాడు. ఆ క్లాసేదో నేనే చెబుతానని ప్రొఫెసరు గారు పట్టుబట్టేసరికి, పెద్దాయన మనసు మారిందని డీను పొంగిపోయాడు. ఉరిశిక్ష పడ్డవాడే వచ్చి తలారి ఉద్యోగం అడుగుతుంటే కాస్త అనుమానించాలని పాపం ఆయనకు తట్టలేదు.

"మీరు చెప్పబోయేది ఏఐ గురించి పాఠమా, ఏఐ మీద చాడీలా?" అని అడిగింది భార్య, కాఫీ చేతికిస్తూ. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఎదుటివాడి మొహం చూసి హోంవర్కు చేశాడో లేదో చెప్పగలదు.

"చాడీలేమిటి? శవపరీక్ష!"

"బతికున్నదానికి శవపరీక్ష మొదలుపెడితే అది లేచి కరుస్తుంది, చూసుకోండి."

ఆ తర్వాత ఆవిడ ఇంకేదో కూడా అంది గానీ ఆయన బూట్లు వేసుకుంటూ పట్టించుకోలేదు. ఈ మధ్య ఆవిడ సగం మాటలు తనలో తనే గొణుక్కుంటోందని ఆయన గట్టి అభిప్రాయం. వయసు మీద పడుతోంది మరి, ఆవిడకి.

క్లాసు కిక్కిరిసిపోయి ఉంది. గోడ మీద పెద్ద తెర, బల్ల మీద కంప్యూటరు, అందులో ఆసుపత్రివాళ్ళు కొత్తగా తెచ్చిపెట్టిన ప్రోగ్రాం. రోగి లక్షణాలు చెబితే అది జబ్బేమిటో చెబుతుంది. ప్రొఫెసరు గారు దానివంక, ఇంట్లో దిగబడి కదలని చుట్టాన్ని చూసినట్టు చూశారు. తర్వాత ముందు వరుసలో కూర్చుని ఎడమ చేత్తో రాసుకుంటున్న అమ్మాయి మీద పడింది ఆయన చూపు.

"ఏమ్మా, నిన్న వార్డులో మళ్ళీ రోగికి ఎడమవైపు నిలబడ్డావట?"

"నాది ఎడమ చెయ్యి వాటం కదా సార్. అటైతే నాకు పొట్ట బాగా అందుతుంది."

"డాక్టరనేవాడు రోగికి కుడివైపే నిలబడతాడు. మా గురువులు అలాగే నిలబడ్డారు, వాళ్ళ గురువులూ అలాగే నిలబడ్డారు. నీ చెయ్యి కోసం వైద్యశాస్త్రం ఒత్తిగిలి పడుకోదు. తెలిసిందా?"

"తెలిసింది సార్," అంది ఆ అమ్మాయి. అది ఆమెకి ఏడాదిగా తెలుస్తూనే ఉంది.

ఆయన గొంతు సవరించుకుని అసలు పనిలోకి దిగారు. లోకంలో లేని రోగిని ఒకణ్ణి రాత్రే తయారు చేసి పెట్టుకున్నారు. ఒకదానితో ఒకటి పొంతన లేని లక్షణాలు అంటగడితే యంత్రం తెల్లమొహం వేస్తుందని ఎత్తు. తీరా చూస్తే, రోగి నంబరు ఇవ్వందే ప్రోగ్రాం ముందుకు కదలనంది. ఎవరో ఒక రోగి నంబరు కొట్టేయొచ్చు, కానీ ఆ మనిషి రికార్డులో అబద్ధం చేరుతుంది. అలాంటి పాపం ఆయన చచ్చినా చేయరు. అందుకని జేబులోంచి కార్డు తీసి తన నంబరే కొట్టారు. ఆ రోజు మొత్తంలో ఆయన చేసిన ఒకే ఒక్క మంచి పని అదే, కొంప ముంచిందీ అదే.

"రాయండి! గుండెల్లో నొప్పి. కళ్ళు పచ్చబడ్డాయి. ఎడమ అరికాలు మంచుగడ్డ, కుడి అరికాలు నిప్పు. ఇంకా, ఊరికే నవ్వొస్తోంది, ఆగడం లేదు," అని పైకి చదువుతూ టైపు చేశారు. పిల్లలు కిందా మీదా పడి నవ్వారు.

తెర ఎర్రబడింది. 'ప్రాణాపాయం. రోగిని కదలనివ్వవద్దు. అత్యవసర విభాగానికీ, కుటుంబానికీ సమాచారం అందించబడింది' అని అక్షరాలు వచ్చాయి. ప్రొఫెసరు గారు పగలబడి నవ్వారు. "చూశారా! లేని మనిషికి లేని రోగం కనిపెట్టి ఉన్న మంచం ఒకటి కేటాయించింది! దీని కోసమట నా క్లాసు ఎత్తేస్తారు!"

చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్ల మధ్యలోనే తలుపు తోసుకుని స్ట్రెచరు వచ్చింది. దాని వెనక అత్యవసర విభాగం డాక్టరమ్మ, ఇద్దరు వార్డు బాయిలు. డాక్టరమ్మ ఒకప్పుడు ఆయన దగ్గరే చదివి, ఆయన చేతుల మీదుగానే బంగారు పతకం అందుకుంది. ఆయన చెప్పిన ప్రతి ముక్కా ఆవిడకి కంఠతా వచ్చు. అదే వచ్చిన చిక్కు.

"పడుకోండి సార్."

"ఎవరు, నేనా? నాకేం లేదమ్మా!"

"నాకేం లేదనే రోగిని రెండింతలు అనుమానించమన్నది మీరే కదా సార్."

"అది రోగుల సంగతి! ఇదంతా నేను కల్పించి రాసింది!"

"జబ్బు దాచుకునే డాక్టర్లు చివరికి చెప్పే మాట అదేనని కూడా మీరే చెప్పారు సార్." ఆవిడ పిల్లల వైపు తిరిగింది. "ఆగకుండా నవ్వొస్తోందని ఉంది. సార్ నిజంగా నవ్వారా?"

"ఇందాకే నవ్వారు మేడమ్," అన్నాడు వెనక వరుసలోంచి ఒకడు. "మేం రెండేళ్ళుగా చూస్తున్నాం, ఇదే మొదటిసారి."

డాక్టరమ్మ మొహంలో రంగు మారిపోయింది. మరుక్షణం ప్రొఫెసరు గారు స్ట్రెచరు మీద ఉన్నారు.

వరండా పొడుగునా ఆయన అరుస్తూనే ఉన్నారు. దారిలో నర్సులు పక్కకు తప్పుకుని జాలిగా చూశారు. ఆ జాలి ఆయనకు కారం రాసినట్టుంది. వార్డులో కోటు ఊడదీశారు, చొక్కా గుండీలు విప్పారు, ఛాతీ నిండా తీగలు అంటించారు. బీపీ చూస్తే ఆకాశంలో ఉంది.

"అది కోపం! ఉట్టి కోపం! నన్ను వదలండి, అదే దిగుతుంది!"

"చికాకు, అరుపులు," అని డాక్టరమ్మ ప్రోగ్రాంలో ఎక్కించింది. "ఈసీజీ బాగానే ఉంది సార్. కానీ మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన..."

"నమ్మొద్దు! నేనే చెప్పాను! తెలుసు నాకు!"

ఎలాగూ క్లాసు ఆగిపోయింది, ఎలాగూ ఇది వార్డు, ఎలాగూ మంచం మీద రోగి ఉన్నాడు. పిల్లలు ఊరుకుంటారా? ఒక్కొక్కరే వచ్చి, నేర్పిన ప్రకారం బుద్ధిగా మంచానికి కుడివైపు చేరారు. చల్లటి చేతులు ఆయన పొట్ట మీద ఎక్కీ దిగీ నడిచాయి. "నొక్కే ముందు చేతులు రుద్దుకోమని చెప్పానా లేదా!" అని ఆయన గర్జించారు. తర్వాత వాళ్ళు కుడివైపే గుంపుగా నిలబడి ఏదో గుసగుసలాడుకున్నారు. డాక్టరమ్మ కూడా వాళ్ళతో కలిసి పెదవులు కదిపింది. నెత్తి దగ్గర మానిటరు కూతలు పెడుతోంది. పెద్దవాణ్ణి మంచాన పడేసి ఆయన ఎదుటే చెవులు కొరుక్కోవడమా! ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"నోళ్ళు పడిపోయాయా? నాతో ఒక్కరూ మాట్లాడరేం?"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డాక్టరమ్మ మెల్లగా ఏదో ఎక్కించింది. మంచం పక్కన ఉన్న తెర మీద కనిపించినదాన్ని ఆయన చదువుకున్నారు. 'ఈ రోజు ఏ వారమో చెప్పలేకపోయారు. ఎక్కడున్నారో చెప్పలేకపోయారు. ఎవరూ మాట్లాడడం లేదని అంటున్నారు.' దాని కిందే ప్రోగ్రాం తన అభిప్రాయం మార్చుకుంది. గుండెను వదిలేసి మెదడు పట్టుకుంది.

"ఏ వారమని నన్నెవరడిగారు!" అని మంచం మీద లేచి కూర్చున్నారాయన.

"చాలాసార్లు అడిగాం సార్," అంది డాక్టరమ్మ ఈసారి గట్టిగా. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే భార్య పరుగు పరుగున వచ్చింది, ఆవిడ వెనకే డీను. డాక్టరమ్మ చెప్పింది విని భార్య మంచానికి ఎడమవైపు కోడు పట్టుకుని నిలబడిపోయింది. "ఇంట్లో కూడా ఇంతే డాక్టరుగారూ. సగం మాటలకి జవాబుండదు. నిర్లక్ష్యమనుకుని రోజూ దెబ్బలాడాను గానీ జబ్బనుకోలేదు."

"నువ్వు కూడానా!" అన్నారాయన.

డీను మాత్రం విచారాన్నీ సంతోషాన్నీ ఒకే మొహం మీద సర్దలేక అవస్థ పడుతున్నాడు. "ఎంత గొప్ప ప్రోగ్రామండీ! ఇంటావిడకి తెలియలేదు, సాటి డాక్టర్లకి తెలియలేదు, అది పట్టేసింది. సార్, మీరేం దిగులు పడకండి, హాయిగా విశ్రాంతి తీసుకోండి. వార్డు క్లాసు గంటలు ఇవాళే ల్యాబుకి రాసిచ్చేస్తాను."

తనకి జబ్బు లేదని ప్రొఫెసరు గారికి తెలుసు, దాని గురించి బెంగ లేదు. జీవితమంతా ధారపోసిన క్లాసు కళ్ళ ముందే పోతోంది, అది పోవడానికి సాక్ష్యం తనే అయ్యారు. నోరు తెరిచి అరిస్తే అది కూడా లక్షణమే అవుతుంది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా!

అంతలో ఎడమ మణికట్టు మీద ఎవరిదో వెచ్చటి చెయ్యి పడింది. తలతిప్పి చూస్తే ఎడమచేతివాటం అమ్మాయి, ఎడమవైపు, ఎడమ చేత్తో నాడి చూస్తోంది.

"మళ్ళీ ఎడమవైపేనా నువ్వు?"

"అటు చోటు లేదు సార్," అంది ఆ అమ్మాయి బితుకుబితుకుమంటూ, ఇంకెవరికీ వినిపించనంత చిన్న గొంతుతో.

"చోటు లేకపోతే చేసుకోవాలి. ఇన్నాళ్ళు నేర్పితే ఇదా!"

ఆ అమ్మాయి చెయ్యి ఆగింది. ఆయన మొహంలోకి చూసి, అదే చిన్న గొంతుతో, "ఇవాళ ఏ వారం సార్?" అంది.

"గురువారం! ఇది అత్యవసర వార్డు! నీకు మార్కులు తగ్గించబోయేది నేను! ఇంకేం కావాలి?"

ఆమె తలెత్తి, మంచానికి అవతల కుడివైపున ఉన్న డాక్టరమ్మకి ఏదైనా అడగమన్నట్టు సైగ చేసింది. డాక్టరమ్మ పెదవులు కదిలాయి. ప్రొఫెసరు గారు ఆవిడ వంక చూసి, "మళ్ళీ గుసగుసలా!" అన్నారు.

"ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి సార్," అంది అమ్మాయి. ఆయన విసుక్కుంటూ మూసుకున్నారు. ఎడమ చెవి దగ్గర రెండు వేళ్ళు రాపాడిన సన్నటి చప్పుడు. "వినిపిస్తోంది, వినిపిస్తోంది," అన్నారు. ఆ తర్వాత ఏమీ లేదు. మానిటరు కూత తప్ప అంతా నిశ్శబ్దం.

"ఊఁ, రెండో చెవి దగ్గర కూడా మొదలుపెట్టు. ఎంతసేపు?"

ఆమె ఇటు తిరిగి వచ్చి ఎడమ చెవిలో చెప్పింది. "మొదలుపెట్టి చాలాసేపయింది సార్."

ఆయన కళ్ళు తెరిచారు. వార్డంతా ఆయన్నే చూస్తోంది. అమ్మాయి శృతిదండం అడిగి తెచ్చి, మోగించి, చెవి దగ్గర ఒకసారి, చెవి వెనక ఎముక మీద ఒకసారి, నుదుటి మీద ఒకసారి పెట్టి చూసింది. ఏదీ వదల్లేదు, ఏదీ తొందరపడలేదు. ఆయన ఎలా నేర్పారో అలాగే చేసింది.

"గుండె కాదు మేడమ్, మెదడూ కాదు. సార్‌కి కుడి చెవి సరిగ్గా వినపడదు. మనమంతా నేర్పినట్టే కుడివైపు నిలబడి అడుగుతున్నాం," అంది.

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఆవిడ కుర్చీ ఏ పక్కన ఉంటుందో ఆవిడకి గుర్తొచ్చింది.

ప్రొఫెసరు గారికి సిగ్గు ముంచుకొచ్చింది. ఛాతీ చప్పుళ్ళలో తేడాలు పట్టే తన చెవి! దానికన్నా ముందు, ఆ అమ్మాయిని ఏడాదిపాటు ఎడమవైపు నుంచి తరిమిన తన నోరు! కానీ ఆయన సిగ్గుపడుతూ కూర్చునే మనిషి కారు. తీగలతో సహా మంచం దిగి డీను మీదికి వెళ్ళారు.

"చూశారా! మీ యంత్రం నాకు అన్ని జబ్బులు అంటగట్టింది, అందులో చెవి ఉందా?"

"దానికి చెవి సంగతి ఎవరూ చెప్పలేదు కదా సార్," అన్నాడు డీను నీళ్ళు నములుతూ.

"ఈ పిల్లకి చెప్పారా? చెప్పలేదు! మంచం దగ్గరికొచ్చి చూసింది! అది వార్డు క్లాసంటే!"

పిల్లల చప్పట్లకి పక్క వార్డుల్లోని రోగులు లేచి కూర్చున్నారు. అంతమంది ముందు కాదనలేక, వార్డు క్లాసు గంటలు ముట్టుకోనని డీను ఒప్పుకున్నాడు. ప్రొఫెసరు గారు అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు ఎటు కావాలంటే అటు నిలబడమ్మా," అన్నారు. ఆ మాట అనడానికి ఆయన ఎంత కష్టపడ్డారో ఆయన గొంతే చెప్పింది.

కొద్ది రోజులకి చెవి డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, భయపడాల్సిందేమీ లేదని తేల్చి, చిక్కుడుగింజంత మిషనొకటి ఆయన కుడి చెవికి తగిలించాడు.

"ఇది మామూలు మిషన్ కాదు సార్," అన్నాడు మురిసిపోతూ. "లోపల ఏఐ ఉంది. చుట్టూ ఉన్న చప్పుళ్ళలో మీకేది కావాలో, ఏది అక్కర్లేదో అదే తేల్చుకుని, అక్కర్లేనివి తగ్గించేస్తుంది."

ప్రొఫెసరు గారు కుర్చీలోంచి దిగ్గున లేచారు. "నేనేం వినాలో నిర్ణయించడానికి అదెవరండీ?"

"ఇన్నేళ్ళూ ఆ పని మీరే చేశారుగా," అంది భార్య, కుడివైపు నుంచి, మామూలు గొంతుతోనే. "ఇకనైనా దాన్ని చెయ్యనివ్వండి."

ఆ మాట మాత్రం ఆయనకు రెండు చెవులా వినిపించింది.