బాస్కెట్‌బాల్ కోర్టుకు జరిగిన సన్మానం

మనిషిని గౌరవించడం తేలిక, గౌరవించినట్టు రుజువు చూపడమే కష్టం. ఈ సంగతి లోకంలో అందరికన్నా ముందు గ్రహించిన ఊరు సింగపూరు. మిగతా దేశాల్లో మనిషి పోయాక విగ్రహం పెడతారు, దాని మీద కాకి వాలుతుంది. ఇక్కడ ఆ పద్ధతి లేదు. మనిషి బతికుండగానే ఫారం నింపాలి, మూడు పనిదినాల్లో జవాబు వస్తుంది (కాకుల సంగతి వేరే శాఖ చూసుకుంటుంది).

చోవా చూ కాంగ్ నుంచి బస్సులో పావుగంట పోతే వచ్చే ఒక కాలేజీలో గౌరవ విభాగం ఉంది (కాలేజీ పేరు వాడుకోవడానికి ఏడో నంబరు ఫారం కావాలి, అది ప్రస్తుతం ముద్రణలో ఉంది). ఆ విభాగం మూడేళ్ళలో నూట పన్నెండు మందిని గౌరవించింది. నీళ్ళు పొదుపుగా వాడినవారిని, లిఫ్టు మాని మెట్లెక్కినవారిని, చివరికి ఎన్నడూ ఏ గౌరవమూ అడగనందుకు లైబ్రరీలో పనిచేసే ఒకావిడను కూడా గౌరవించింది (ఆవిడ ఆ రోజు సెలవు పెట్టింది). ఇక మనుషులు కరువై శాలువాలు మిగిలిపోతున్న సమయంలో, విభాగం డిప్యూటీ డైరెక్టరు మహీధర్ పాత రికార్డులు తిరగేయించాడు. ఈ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడి, ఆ తర్వాత బయటి దేశాల లీగుల్లో ఆటనే ఉద్యోగంగా చేసినవాళ్ళు ముగ్గురున్నారని తేలింది. ఐమన్, డారెల్ ఓంగ్, హఫీజ్. ముగ్గురి భుజాల మీదా ఇంతవరకు ఒక్క గుడ్డ కూడా పడలేదు.

వెంటనే సర్క్యులర్ వచ్చింది. ముగ్గురు ప్రొఫెషనల్ ఆటగాళ్ళు గౌరవం పొందిన ఆటను ఆ రోజు నుంచి 'వారసత్వ కార్యక్రమం'గా గుర్తిస్తారు. వారసత్వ కార్యక్రమానికి ఉన్న వేళలను ఎవరూ ముట్టుకోరాదు.

ఈ చివరి వాక్యాన్ని సుధాకరరావు మూడుసార్లు చదివాడు.

సుధాకరరావు ఆ కాలేజీ ఆటస్థలాల బాధ్యుడు. పందొమ్మిదేళ్ళుగా కోర్టు తలుపు తీసేదీ వేసేదీ, నేల తుడిపించేదీ ఆయనే. సొంతూరు ప్రకాశం జిల్లా దర్శి దగ్గర. చదివింది అక్కడి జిల్లా పరిషత్తు హైస్కూల్లో. ప్రతి మాటా అప్పు తెచ్చుకున్నట్టు మాట్లాడతాడు. కానీ గోడ అవతల నిలబడి, బూటు కీచుమన్న తీరును బట్టి లోపలి పిల్ల మోకాలు నొప్పితో ఆడుతోందని చెప్పగలడు.

సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఆ కోర్టు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుది. అవే రెండు గంటల మీద సిబ్బంది పికిల్‌బాల్ సంఘం కన్ను పడింది (టెన్నిస్‌కు చెల్లెలి లాంటి ఆట, పరుగు తక్కువ). సంఘంలో నూట నలభై మంది, జట్టులో పన్నెండు మంది. లెక్క ఎటు మొగ్గుతుందో తెలుసుకోడానికి కాలేజీ చదువు అక్కర్లేదు.

జట్టు కెప్టెన్ దీక్షిత ఆ సాయంత్రం ఆయన దగ్గరికి వచ్చింది. వాళ్ళమ్మానాన్నలది నెల్లూరు, పిల్ల పుట్టి పెరిగింది ఇక్కడి యూ టీ పేటలో, మాట చివర 'లా' తగిలించేంతగా.

"అంకుల్, పికిల్‌బాల్ వాళ్ళు మా స్లాట్ తీసేసుకుంటున్నారంట, నిజమా?"

"ఊ."

"మార్చ్‌లో కాంపిటిషన్ ఉంది. కోర్ట్ లేకపోతే టీమ్ ఫినిష్ లా, అంకుల్. మా ఫ్లాట్ల బ్లాక్ కింద ఆడితే ఆంటీలు కంప్లెయింట్ ఇస్తారు."

"చూస్తాలే."

'చూస్తాలే' అనేది సుధాకరరావు ఇచ్చే మాటల్లో అన్నిటికన్నా పొడుగైనది. ఆయన దాన్ని ఏడాదికి రెండుసార్లకు మించి వాడడు.

దారి ఆ సర్క్యులర్‌లోనే ఉంది. ముగ్గురికీ గౌరవం జరిగిపోతే ఆ రెండు గంటల జోలికి ఎవరూ రారు. ఆయన ఫారం తెరిచాడు.

ఫారంలో నలభై ఒక్క ప్రశ్నలున్నాయి. ఆట పేరు ఎంచుకోమన్న జాబితాలో బాస్కెట్‌బాల్ లేదు. ఎక్కడో అడుగున 'ఇతరములు, బంతి కలవి' అని ఉంటే దాన్ని నొక్కాడు. అభ్యర్థి ప్రొఫెషనల్ కావడానికి ముందు ఎవరి అనుమతి తీసుకున్నాడు అన్నది పదిహేనో ప్రశ్న. అభ్యర్థి తాను ఆడిన ఆటలు తానే ఆడినట్టు ఇద్దరు సాక్షులతో ధ్రువీకరించాలి (స్టేడియంలో చూసిన ఆరువేల మంది సాక్షుల కిందికి రారు, వాళ్ళు టికెట్టు కొన్నారు కనుక ప్రయోజనం పొందినవారవుతారు). అన్నిటికన్నా ముఖ్యంగా, ఆడించిన జట్టు యాజమాన్యం నుంచి ముద్ర వేసిన ఉత్తరం కావాలి.

డారెల్, హఫీజ్ ఉత్తరాలు తెచ్చారు. చిక్కంతా ఐమన్ దగ్గర వచ్చింది. ఐమన్ హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడి టాంపినీస్ పేటలో స్థిరపడిన కుటుంబం పిల్లాడు. ఆరడుగుల ఆరంగుళాలు. ఇప్పుడు అక్కడే చిన్నపిల్లలకు ఆట నేర్పుతున్నాడు. సుధాకరరావు ఫోన్ చేశాడు.

"అంకుల్, నేను ఆడిన టీమే మూసేసిన్రు. లెటర్ ఎవరిస్తరు?"

"స్టేడియం?"

"అది పడగొట్టిన్రు. ఇప్పుడు ఆడ సూపర్‌మార్కెట్ ఉంది."

సుధాకరరావు ఫారంలో ఆ గడి మళ్ళీ చదివాడు. "సూపర్‌మార్కెట్ వాళ్ళనడుగు."

"మజాక్ చేస్తున్నరా, అంకుల్?"

"ముద్ర ఉంటే చాలు."

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ప్రస్తుతం తమ కూరగాయల విభాగం ఉన్న చోట పూర్వం ఒక బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేదనీ, అందులో పొడుగాటి మనుషులు ఆడేవారని విన్నామనీ మేనేజరు రాసిచ్చాడు. కింద గుండ్రటి ముద్ర, ముద్రలో వంకాయ బొమ్మ. గౌరవ విభాగం కమిటీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఆమోదించింది. నిజానికి మూడు ఉత్తరాల్లోనూ ముద్ర స్పష్టంగా పడింది దానిమీదేనని మినిట్స్‌లో రాసుకున్నారు.

సన్మానం తేదీ ఖాయమైంది. రెండు నెలల తర్వాత.

ఆ రెండు నెలలే గండం. సన్మానం జరిగితే గాని వారసత్వ హోదా రాదు. ఈలోగా కోర్టును బుకింగ్ యాప్‌లో ఎవరు ముందు పట్టుకుంటే వాళ్ళది. మామూలు బుకింగ్ వారం ముందు తెరుచుకుంటుంది. పికిల్‌బాల్ సంఘంలో కంప్యూటర్ విభాగం వాళ్ళు పదకొండు మంది ఉన్నారు. బుకింగ్ తెరుచుకున్న సెకనుకే వాళ్ళు పట్టేయగలరు. సుధాకరరావు ఒక్క వేలితో టైపు చేస్తాడు.

అయితే పందొమ్మిదేళ్ళు ఇక్కడి అన్నం తిన్న మనిషికి ఒక విద్య అబ్బుతుంది. తిండి దుకాణాలన్నీ ఒకే చూరు కింద ఉండే హాకర్ సెంటర్‌లో భోజనం తెచ్చుకోబోయే ముందు బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టిపోతే ఆ బల్ల మనదే. దాన్ని 'చోప్' చేయడం అంటారు. ఆ పొట్లాన్ని తీసి కూర్చునే ధైర్యం ఈ దేశంలో ఇంకా ఎవరికీ కలగలేదు (చట్టంలో ఈ మాట ఎక్కడా లేదు, అందుకే అందరూ పాటిస్తారు). యాప్‌లో ఎక్కడో ఒక మూల 'గౌరవ కార్యక్రమం' అనే రకం ఉందని ఆయన చూశాడు. ఆ రకం కింద మూడు నెలల ముందే పట్టుకోవచ్చు, అన్నిటికన్నా ప్రాధాన్యం దానికే.

ఆదివారం మధ్యాహ్నం, యూ టీ ఫ్లాట్‌లో సోఫా మీద కూర్చుని, సుధాకరరావు ఆ కోర్టును రోజూ అయిదు నుంచి ఏడు దాకా, మూడు నెలల పాటు, గౌరవ కార్యక్రమం కింద చోప్ చేశాడు.

"ఎవరికండీ రోజూ సన్మానం?" అంది భార్య అరుంధతి, ఫోనులోకి తొంగిచూసి.

"ఎవరికీ కాదు. పిల్లలు ఆడుకుంటారు."

"మరి ఆ మాటే రాయొచ్చుగా."

"ఆ మాట రాస్తే ఇవ్వరు."

"పెళ్ళిచూపుల్లో కూడా మీరిట్టాగే రెండు ముక్కలే మాట్లాడారు. నెమ్మదస్తులనుకున్నా," అని ఆమె కుక్కర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

పదిహేను రోజులు కోర్టు మోగిపోయింది. పికిల్‌బాల్ వాళ్ళు తలుపు దాకా వచ్చి, పక్కనున్న బుకింగ్ తెర మీద 'గౌరవ కార్యక్రమం జరుగుచున్నది' అని చూసి, గొంతు తగ్గించుకుని వెనక్కి పోయేవారు. లోపల దీక్షిత జట్టు చెమటలు కక్కుతోంది. దీక్షిత మూడు పాయింట్ల గీత అవతలి నుంచి వరసగా తొమ్మిది వేసిన రోజున సుధాకరరావు తలుపు దగ్గర నిలబడి "బాగుంది" అన్నాడు. ఆ పిల్లలు ఆ రాత్రి అమ్మానాన్నలకు చెప్పుకున్నారు.

పదహారో రోజు పొద్దున ఆయనకు అభినందనల మెయిల్ వచ్చింది.

ఒకే స్థలంలో వరసగా పదిహేను రోజులు గౌరవ కార్యక్రమాలు జరిగినట్లయితే, ఆ స్థలం తనంతట తాను శాశ్వత గౌరవ స్థలంగా మారును. కాలేజీ చరిత్రలో ఈ హోదా సాధించిన మొదటి స్థలం మీ కోర్టే. ఇకపై అక్కడ పరుగు, కేక, చెమట, బంతి నిషిద్ధం. తివాచీ వేయువారు శుక్రవారం వచ్చెదరు.

సుధాకరరావు మహీధర్ గదికి వెళ్ళాడు. మహీధర్ లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

"రావు గారు, మీరు ఇంత పని చేస్తరని నేను అనుకోలే. మూడేండ్ల నుంచి ఒక గౌరవ స్థలం కోసం పైవాళ్ళను అడుగుతున్న. మీరు చప్పుడు చేయకుండ తెచ్చిన్రు."

"సార్, అది రద్దు చేయాల."

"ఎందుకు?"

"అక్కడ సన్మానాలేం జరగలేదు. పిల్లలు ఆడుకున్నారు."

మహీధర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ మాట నేను వినలే. సిస్టంల పదిహేను సన్మానాలున్నయి. నాకు మీ మీద నమ్మకం ఉంది, కానీ సిస్టం మీద ఇంకొంచెం ఎక్కువుంది."

"రద్దుకు దారి లేదా సార్?"

"లేకేం. పదహారో నంబరు ఫారం." మహీధర్ చాలా ఓపిగ్గా విడమరిచాడు. గౌరవ స్థలం రద్దు కావాలంటే గౌరవమే రద్దు కావాలి. అంటే ఐమన్, డారెల్, హఫీజ్ ముగ్గురూ తాము గౌరవానికి అర్హులం కామని సంతకం పెట్టాలి. పెడితే కోర్టు మళ్ళీ కోర్టవుతుంది. కానీ ముగ్గురు లేకపోతే వారసత్వ కార్యక్రమం ఉండదు. అది లేకపోతే వేళలకు రక్షణ లేదు. రక్షణ లేకపోతే పికిల్‌బాల్.

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే మీ బాస్కెట్‌బాల్ వారసత్వం అయితది. అయిదు నుంచి ఏడు దాకా ఆ కోర్టును ఎవరూ ముట్టుకోరు."

"మా పిల్లలు?"

"ఎవరూ అంటే ఎవరూనే కద, రావు గారు. రూలు అందరికీ ఒక్కటే ఉండాలె."

ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. అరుంధతి చారు వడ్డిస్తూ, "కంచె బాగానే వేశారు. మేసిందెవరో చూసుకోలేదు," అంది.

దీక్షితకు చెప్పడం అంతకన్నా కష్టమైంది. ఆమె బంతిని చంకలో పెట్టుకుని విన్నది.

"సో మమ్మల్ని సేవ్ చేయడానికి మీరు కోర్ట్ చోప్ చేశారు. ఇప్పుడు మీరు చోప్ చేసినందుకు మాకు కోర్ట్ లేదు."

"ఊ."

"అంకుల్, యూ ఆర్ వెరీ కైండ్ లా. నెక్స్ట్ టైమ్ డోంట్ హెల్ప్, కెన్?"

సన్మానం అనుకున్న రోజునే జరిగింది. ఎర్ర తివాచీ, ఎనభై కుర్చీలు. రింగులు గౌరవ స్థలపు పైకప్పు సౌందర్యానికి భంగమని ఊడదీసి స్టోరులో పెట్టారు. మహీధర్ శాలువాలు పట్టుకుని ఐమన్ దగ్గరికి వెళ్ళి, చేతులు చాపి చూసి, భద్రతా విభాగం ఆమోదించిన స్టూలు తెప్పించుకున్నాడు. స్టూలు ఎక్కాక కూడా శాలువా ఐమన్ చంక దాకానే వెళ్ళింది. ఐమన్ మర్యాదగా మోకాళ్ళు వంచాడు. ఆ మోకాళ్ళు విరిచినట్టు చప్పుడు చేశాయి. ఆ చప్పుడు వెనక నిలబడ్డ సుధాకరరావుకు ఒక్కడికే వినబడింది. రెండు సీజన్లు పరాయి దేశపు కోర్టుల్లో దూకిన మోకాళ్ళవి. వాటికి తొలిసారి దూకడం నేర్పిన నేల ఇప్పుడు తివాచీ కింద ఉంది.

ఆటగాళ్ళు బంతి వేస్తున్నట్టు ఒక ఫోటో కావాలన్నాడు ఫోటోగ్రాఫరు. స్థలంలోకి బంతి తేకూడదు గనక ముగ్గురూ వట్టి చేతులు పైకెత్తారు. బంతినీ రింగునూ తర్వాత కంప్యూటర్లో కలుపుతామన్నారు. ఐమన్ చేతులెత్తి, అలవాటు కొద్దీ పైకి చూసి, అలాగే ఉండిపోయాడు.

"అంకుల్, రింగ్ ఏడుంది?" అన్నాడు ఫోటో అయ్యాక.

"స్టోర్లో."

"మరి ఇప్పటి టీమ్ ఏడ ఆడుతది?"

సుధాకరరావు కుర్చీల వైపు చూపించాడు. దీక్షిత జట్టు పన్నెండు మందీ తెల్ల చొక్కాలు వేసుకుని అతిథులకు మంచినీళ్ళ సీసాలు పంచుతున్నారు. మంచి చురుకైన పిల్లలని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఐమన్ శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

సోమవారం నాడు సుధాకరరావుకు పదోన్నతి వచ్చింది. వారసత్వ కార్యక్రమ బాధ్యుడు. దానితో పాటు వార్షిక లక్ష్యాల ఫారం కూడా వచ్చింది. సన్మానితుల ఫోటోల గోడ మీద మరో తొమ్మిది ఖాళీ చట్రాలు బిగించారనీ, ఏడాదికి ముగ్గురు చొప్పున కొత్త ప్రొఫెషనల్ ఆటగాళ్ళను సమకూర్చడం ఆయన లక్ష్యమనీ అందులో ఉంది. ఆ ఆటగాళ్ళు ఎక్కడ ఆడి తయారవుతారన్న గడి కోసం ఆయన ఫారమంతా వెతికాడు. లేదు. ఎన్ని శాలువాలు కావలెను అన్న గడి మాత్రం మొదటి పేజీలోనే ఉంది, అది నింపనిదే రెండో పేజీ తెరుచుకోదు.

సుధాకరరావు ఒక్క వేలితో మూడు అని కొట్టాడు.