తోమని తొట్టి మహావిజయము

స్వస్తి! ఉన్నిమిల్లుల గొట్టాలు పొగ మానుకొని ఏళ్ళు గడిచినా మేఘాలు మాత్రం కొలువు మానని యార్క్‌షైర్ కొండల నడుమ, నల్లరాతి ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు నిలిచిన థ్రష్‌క్లఫ్ అను పట్టణమందు, గడపశిలాక్షాళనధురంధర, ధూళిదళవిదారిణి, బూజుబలభంజని యగు హెట్టీ సగ్డెన్ అను వీరవనిత కాపురముండెను. ఆమె గడపరాయి ఎంత తెల్లనిదని చెప్పను! పాలసీసా పెట్టేవాడు దాని మీద పెట్టడానికి చెయ్యి రాక, పక్కింటి గడప మీద పెట్టి పోయేవాడు.

ఆమె పతి క్లెమ్ ఒకానొక కాలమున శశకకులభయంకరుడు. కుందేటి కలుగుల్లోకి ఫెర్రెట్ అను పెంపుడు వేటజంతువును దూర్చి, అవతలి నోట వలపన్ని కూర్చొనుటలో ఆ లోయ మొత్తానికి మేటి. కాలం ఆయన రొమ్ములోకి ఆయాసమై దూరెను. పొద్దున్నే చలిలో ఫెర్రెట్లుండు పెరటి పెట్టె దగ్గరకు పోరాదని వైద్యుడు ఖండితముగా పలికెను. అప్పుడు ఆయన చివరి ఫెర్రెట్, ముంగిసను పట్టి సాగదీసినట్టుండు ముసలి డచెస్, ముందుగదికే వచ్చి, ఆయన ఉన్నిచొక్కా చేతిలో దూరి పడుకొనెను. ఆ బరువు ముంజేతి మీద ఉంటే ఆయనకు ఆయాసం తక్కువ. అది హెట్టీ ఎరుగును. ఎరిగియే లోనికి రానిచ్చెను.

అయితే డచెస్ యుద్ధతంత్రము మహావిచిత్రము. లోకమున వీరులు వెన్ను చూపిన ఓడినట్టు. డచెస్ వెన్ను చూపినచో అదియే దాడి. వెనక్కి వెనక్కి నడిచి, గది మూలకు తోక ఆనించి, ఆకాశమును ధ్యానించుచు, తివాచీపై తన పని తాను కానిచ్చుకొనును.

ఇట్లుండ ఒక ఆదివారమున క్లెమ్‌కు అక్కయు, హెట్టీకి ఆడపడుచును అగు మేబెల్ టీకి విచ్చేసి, నాసాపుటములు విస్ఫారితములు కాగా గది నలుమూలలా చూసెను.

"ఏంటే హెట్టీ, ఈ కంపు? గడప తళతళలాడితే సరా, లోపల మాత్రం పశువులపాకా?"

"వదినా, అది ముసలిది. అలవాటు పడుతుందిలే."

"పడితే చూద్దాం. మా వాడి పొలంలో పెట్టె ఖాళీగానే ఉంది. ఇవాళే పట్టుకుపోతాను."

డచెస్‌ను నిమురుచున్న క్లెమ్ అరచెయ్యి చొక్కా చేతి మీదనే కదలక ఆగిపోయెను. అది చూచి హెట్టీ, కెటిల్ ఎత్తిన చేత్తోనే, ఉరిమిన మబ్బు వలె ప్రతిజ్ఞ చేసెను.

"ఒక్క వారం ఆగు వదినా! వచ్చే ఆదివారం నువ్వొచ్చి కూర్చునేసరికి ఈ డచెస్ తన పనికి తివాచీ మాని తొట్టిలోకి వెళ్ళకపోతే, నీ చేతుల్తోనే పట్టుకుపో. నేను అడ్డం రాను."

ఇక యుద్ధారంభము. ముందు ఆహారపర్వము. క్లెమ్ పాలలో రొట్టె నానబెట్టి తెచ్చెను.

"మా నాన్న ఇదే పెట్టాడు. మా తాత ఇదే పెట్టాడు."

"మీ తాత పెట్టాడు సరేనయ్యా, మీ తాత తివాచీ ఉతికాడా?"

ఆ పాలరొట్టె మహిమ వలన తివాచీపై జరిగినది చెప్ప నా నోరు రాదు. మరునాడు వేపుడు చేపముక్క పెట్టగా, డచెస్ దానిని సోఫా కిందకు ఈడ్చి సమాధి చేసెను. అంతట హెట్టీ మాంసపు కొట్టుకు దండెత్తి కుందేటిమాంసము తెచ్చెను. జన్మంతా కుందేళ్ళను తరిమి, కూలిగా పాలరొట్టె పుచ్చుకొన్న ఆ వృద్ధవీరురాలు, గిన్నె ముందు క్షణకాలము నిశ్చేష్టురాలై, పిమ్మట గిన్నెను సైతము నేల మీద దొర్లించి నాకెను. కడుపు కుదురుకొనెను. పెంట గట్టిపడెను. కంపు సగము చచ్చెను.

తరువాత తొట్టిపర్వము. రంపపుపొట్టు పోయగా డచెస్ తుమ్మి తుమ్మి మీసములు ఊడునంత పని చేసెను. పిల్లులకు వాడు గడ్డకట్టే మట్టి పోయగా అది ముక్కుకు అంటి పిండివంట వలె బిగిసెను. తుదకు సంత నుండి కాగితమును నొక్కి చేసిన గుళికలు తెచ్చి పోసి, తొట్టిని ఆ మూలనే ప్రతిష్ఠించెను. ఆహా! డచెస్ వాసన చూచెను, వెనుకకు తిరిగెను, తొట్టిలోనే కార్యము ముగించెను!

హెట్టీ చేతులు ఊరుకుంటాయా? వెంటనే గుళికలు పారబోసి, బ్లీచు పోసి, కుంచెతో రుద్ది, తొట్టిని అద్దము వలె చేసెను. మళ్ళీ డచెస్ వచ్చెను, ఆ అద్దమును చూచెను, పరాయి ఊరు వచ్చినట్టు పక్కకు జరిగి తివాచీపై కూర్చుండెను. ఎప్పుడైనా తొట్టిలోకి వెళ్ళెనా, హెట్టీ తోమును. తోమెనా, డచెస్ తివాచీకే పోవును. శనివారము వచ్చెను.

"దీనికి నా మీద పగేమో క్లెమ్" అని హెట్టీ కూలబడెను.

క్లెమ్ తన టోపీ తీసి, లోపలి అంచు చూచుకొని, మెల్లగా అనెను. "నువ్వొకసారి దీన్ని ఉతికావు, గుర్తుందా? వారం దాకా పెట్టుకోలేకపోయాను. నాదో కాదో తెలియలేదు."

హెట్టీ టోపీని చూచెను. తొట్టిని చూచెను. చేతిలోని కుంచెను చూచెను. "అయితే తొట్టి తోమకూడదా!" అని వాపోయెను.

ఆదివారము ఉదయాన డచెస్ తొట్టిలో ఒక్క ఉండ విడిచెను. ఇక చూడండమ్మా, అసలు యుద్ధము అప్పుడు! హెట్టీ వేళ్ళు కుంచె వైపు పాకెను. ఆమె వెనక్కి లాగెను. కన్ను అటే పోయెను, ఆమె తిప్పెను. "ఓ కుంచెరాజమా! మా అమ్మ చేతి నుండి నా చేతికి వచ్చినదానవు, నన్ను క్షమించు!" అని కుంచెను బీరువాలో పెట్టి తాళము వేసి, తాళంచెవి క్లెమ్‌కు ఇచ్చెను. తివాచీ మూలను మాత్రము తడిగుడ్డతో తనివితీరా తోమెను.

మేబెల్ వచ్చెను. అల్లం పార్కిన్ కేకు కొరుకుతూనే తొట్టిలోకి తొంగిచూచెను.

"ఓసి హెట్టీ! ఇది తోమలేదేంటే? నువ్వేనా?"

గడపశిలాక్షాళనధురంధర ముఖము బీట్‌రూట్ దుంపవలె ఎర్రబడెను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని, వాటి మీద కూర్చుండి, పలికెను. "నేనే వదినా. కావాలనే."

అంతలో క్లెమ్ చొక్కా చేతి నుండి ఒక ముక్కు, ఆ వెనుక పొడవైన డచెస్ వెలువడెను. ఆవులించెను. తివాచీ మూల వాసన చూచి, ముఖము చిట్లించెను. తొట్టి వాసన చూచెను. తన ఊరే! తిరిగెను. ఒక అడుగు వెనుకకు. మరొకటి. క్లెమ్ ఊపిరి బిగబట్టెను. మేబెల్ నోటిలో కేకు నిలిచిపోయెను. డచెస్ తోక లేపి, ఆకాశమును ధ్యానించెను.

ఒక్క ఉండ. తొట్టి నడిబొడ్డున.

మేబెల్ కేకు మింగి, పళ్ళెం ముందుకు తోసెను. "సరే, ఇంకో ముక్క పెట్టు. మా వాడి పెట్టెలో కోళ్ళను పెట్టుకుంటాడులే."

క్లెమ్ చొక్కా చెయ్యి తెరచి పట్టెను. డచెస్ దూరి, ఆయన ముంజేతి మీద ఒక చుట్ట చుట్టుకొనెను. ఆయన మెల్లగా, పూర్తిగా ఊపిరి విడిచెను. హెట్టీ చేతులు ఇంకా తొడల కిందనే ఉండెను. వినుడు, జనులారా! థ్రష్‌క్లఫ్ చరిత్రలో మొదటిసారి, సగ్డెన్ వారింట ఒక వస్తువు మురికిగా నిలిచి గెలిచెను. ఈ గాథ విన్నవారి తివాచీలు పొడిగా ఉండుగాక, వారి ఆడపడుచులు రెండో ముక్క అడుగుదురుగాక!