ఎనభై దాటితే వణుకు

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ ఆఫీసరుగారు ఆ రోజు కార్యక్రమం ప్రకటించారు. కారును హైవే ఎక్కించాలి, వేగం ఎనభై దాటించాలి, అప్పుడు స్టీరింగు ఎందుకు వణుకుతోందో భోజనాల వేళకల్లా తేల్చెయ్యాలి.

తేలడం అవసరమైంది ఆయనకు కాదు, భార్యకు. పక్క ఊరి ఆసుపత్రిలో ఆమెకు ల్యాబు టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. మర్నాడే చేరాలి. కారుంటే తప్ప డ్యూటీ వేళకు అందుకోలేదు. "వణికే బండి నీ చేతికిచ్చి నేను ఆఫీసులో ప్రశాంతంగా ఎలా కూర్చోను? ఆ ఉద్యోగం మానెయ్" అని ఆయన వారం నుంచి పాట పాడుతున్నారు. ఆఫీసులో ప్రశాంతంగా కూర్చోవడం తప్ప ఆయన ఇంకే పనీ చెయ్యరని ఆమెకు తెలుసు.

కారు క్లచ్చు లేని రకం. మెకానిక్ రెండుసార్లు చక్రాలు విప్పి, బ్యాలెన్సింగ్ చేసి, తనే హైవే మీద తిప్పి చూసి, వణుకేమీ లేదన్నాడు. "వాడు నడిపితే ఎందుకొస్తుంది? బండి అసలు రంగు ఓనరు దగ్గరే బయటపడుతుంది" అని ఆఫీసరుగారు కొట్టిపారేశారు. తాళం తన జేబులోనే ఉంచుకున్నారు.

ఆఫీసులో ఏ రోగానికైనా ఆయన దగ్గర ఒకటే మందు, బదిలీ. ఫైలు కదలకపోతే గుమాస్తాను మార్చేవారు. ఫ్యాను తిరగకపోతే దాని కింద కూర్చున్నవాణ్ణి మార్చేవారు. ఆ ఫ్యాను ఇప్పటికీ తిరగడం లేదు. అదే తెలివిని ఇప్పుడు కారు మీద ప్రయోగించబోతున్నారు. కూతురికి ఉద్యోగం వచ్చిందని సంబరంగా వచ్చిన అత్తగారిని కూడా బరువుకు పనికొస్తారని ఎక్కించుకున్నారు.

హైవే ఎక్కారు. ఎనభై దాటగానే స్టీరింగు గజగజలాడింది. ఆఫీసరుగారు పక్కకు తీసి ఆపి, ముందున్న భార్యను వెనక్కి, వెనకున్న అత్తగారిని ముందుకు మార్చారు. వణుకు తగ్గలేదు. అత్తగారిని మళ్లీ వెనక్కి పంపి, ఈసారి అవతలి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. వణుకు ఇంకాస్త పెరిగింది.

"దొరికింది. లోపం బరువులో ఉంది" అన్నారాయన, మొహం వెలిగిపోతుండగా.

"అమ్మ ఎక్కకముందు కూడా వణికింది కదండీ" అంది భార్య.

"నువ్వు మధ్యలో మాట్లాడకు. ఒక్కొక్కటే తీసేస్తూ పోతే దోషి అదే దొరుకుతుంది."

బస్సులు ఆగని ఒక బస్‌స్టాప్ దగ్గర ఆయన డిక్కీ ఖాళీ చేశారు. స్పేరు చక్రం దింపారు, జాకీ దింపారు, చివరికి అత్తగారినీ దింపారు.

"అత్తయ్యగారూ, ఇలా వెళ్లి అలా వచ్చేస్తాం. కాస్త ఈ సామాను చూస్తూ ఉండండి."

"అలాగే అల్లుడుగారూ" అని ఆవిడ స్పేరు చక్రం మీదే కూర్చుంది. అల్లుడి సంగతి ఆవిడకు పెళ్లిచూపుల నాడే తెలుసు.

అలా దింపి నాలుగైదు కిలోమీటర్లు పోయారో లేదో, వణుకుతో పాటు కొత్తగా టపటపమని చప్పుడు మొదలైంది. దిగి చూస్తే వెనక టైరు పంక్చరు. మార్చడానికి చక్రం ఉంది, దాని మీద అత్తగారు ఉన్నారు. భార్య తల్లికి ఫోను చేస్తే, వెనక సీట్లో మర్చిపోయిన చేతిసంచీ మోగింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

"ఎండలో మా అమ్మను రోడ్డు మీద పారేసి వచ్చారు. చేతిలో ఫోను కూడా లేదు" అంది.

"పారెయ్యడమేంటి? తాత్కాలికంగా తప్పించాను" అన్నారు ఆఫీసరుగారు.

ఇంతలో పోలీసు జీపు వచ్చి ఆగింది. ముందు సీట్లో అత్తగారు, వెనక స్పేరు చక్రం, జాకీ. అల్లుడు అప్పగించిన సామాను లేకుండా కదలనని ఆవిడ పట్టుబట్టిందట.

జీపు దిగిన ఇన్‌స్పెక్టరు ఆఫీసరుగారిని ఎగాదిగా చూశాడు. "బరువెక్కువైందని పెద్దావిడను రోడ్డు మీద దించేసి పోయింది నువ్వేనా?"

"అది పరీక్షలో భాగమండీ. కారు వణుకుతోంది."

"స్టేషన్‌కొస్తే నీకూ వణుకు పుడుతుంది. పద."

అప్పటిదాకా ఊళ్లో అందర్నీ వణికించానని నమ్మిన ఆఫీసరుగారు గబుక్కున భార్య వెనక్కి తప్పుకున్నారు. అత్తగారే అడ్డుపడింది.

"వదిలెయ్యి బాబూ, ఆయన చెడ్డవారు కారు, అంతే. నాకొక్క సందేహం అల్లుడుగారూ. నన్ను దించి వెళ్లేటప్పుడు కారు వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. ఆపుతున్నారు, పాపం మనసు మారిందనుకుని లేచి నిలబడ్డాను. కనుచూపుమేరా ఆ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, కారేమో పోతూనే ఉంది. ఎందుకంటారు?"

ఇన్‌స్పెక్టరు కారు డోరు తెరిచాడు. "ఎలా నడుపుతావో ఓసారి కూర్చుని చూపించు."

ఆఫీసరుగారు దర్జాగా కూర్చుని చూపించారు. కుడికాలు యాక్సిలరేటరు మీద. క్లచ్చు లేని కారులో పనీపాటా లేని ఎడమకాలు బ్రేకు మీద.

"జాగ్రత్త కోసమండీ. వేగం పెరిగినకొద్దీ కాస్త గట్టిగా ఆనించి ఉంచుతాను."

బ్రేకును రోజూ అలా తొక్కిపెట్టి కాలిస్తే, కాళ్లకింద పడ్డది ఏదైనా వణకక ఏం చేస్తుంది? భార్య వంగి, వేడెక్కి పొగలు కక్కుతున్న ముందు చక్రాన్ని చూసి, భర్త ముందు చెయ్యి చాపింది. ఆయన తాళం ఇవ్వలేదు. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాక ఇచ్చారు.

చక్రం మార్చి, ముందు చక్రం చల్లారాక బయల్దేరారు. ఆమె నడిపింది. ఎనభై దాటింది, తొంభై అందుకుంది. స్టీరింగు కిమ్మనలేదు. పక్కన కూర్చున్న అత్తగారు కూతుర్ని చూసి మురిసిపోయింది.

"రేపు పొద్దున తొందరగా బయల్దేరతాను. టిఫిను మీరే పెట్టుకోండి" అంది భార్య అద్దంలో చూస్తూ.

ఆఫీసరుగారు వెనక సీటుకు బదిలీ అయ్యారు. దారి పొడుగునా ఎడమకాలితో అత్తగారి సీటును గట్టిగా తొక్కుతూనే ఉన్నారు. అక్కడ బ్రేకు లేదు కాబట్టి అందరూ క్షేమంగా ఇల్లు చేరారు.