తలుపు మీది ఎర్ర బల్బు

వ్యాపారం బాగుపడాలంటే యజమాని పని మానెయ్యాలి. నవ్వకండి! ఈ సత్యం తెలియకే నేను పదకొండేళ్ళు స్కూలు బ్యాగులు కుట్టించాను.

ఆ అజ్ఞానపు రోజుల్లో నాకు గది లేదు. షెడ్డులో నాలుగు కుట్టుమిషన్ల మధ్య ఒక స్టూలు, అంతే. జిప్పు పట్టేస్తే నన్ను పిలిచేవారు. దారం రంగు కలవకపోతే నన్ను పిలిచేవారు. రోజుకు నలభైసార్లు పిలిచేవారు. అదీ ఒక బతుకేనా?

మా బావమరిది నన్ను ఉద్ధరించాడు. రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి బిజినెస్ కోచ్ అయినవాడు. షెడ్డులో పది నిమిషాలు నిలబడి పెదవి విరిచాడు.

"బావా, నువ్వు పని చేస్తున్నావ్."

"తప్పా?"

"మరి! పని ఎవడైనా చేస్తాడు. ఫౌండర్ అన్నవాడు ఫోకస్ చెయ్యాలి."

వారం తిరగకముందే షెడ్డు మూలన ప్లైవుడ్ క్యాబిన్ వెలిసింది. తలుపు మీద ఎర్ర బల్బు. స్విచ్ లోపల, నా చేతి కింద. బల్బు వెలుగుతుంటే ఎవరూ తలుపు తట్టకూడదు. ఏమైనా చెప్పాలంటే చీటీ రాసి బయటి పెట్టెలో వెయ్యాలి. పెట్టె తెరిచేది శుక్రవారం నాలుగింటికి మాత్రమే.

మా ఆవిడ జిప్పుల సంచీతో వచ్చి బల్బు వంక చూసింది. "ఆపరేషన్ థియేటర్‌లా బాగానే ఉందండీ. ఇంతకీ లోపల పేషెంటు ఎవరు?"

సంస్కర్తలకు మొదటి దెబ్బ ఇంట్లోవాళ్ళ దగ్గరే తగులుతుంది.

లోపల నేను సాధించింది వినండి. పొద్దున అరగంట ఊపిరి మీద ధ్యాస. తర్వాత పాతిక నిమిషాల టైమర్. అది మోగగానే, ఆ పాతిక నిమిషాల్లో మనసు ఎన్నిసార్లు చెదిరిందో యాప్‌లో నమోదు. ఆ నమోదుకు ఇంకో పాతిక నిమిషాలు పడుతుంది కనుక దానికీ టైమర్! చెయ్యాల్సిన పనులను నాలుగు రంగుల్లో విడగొట్టాను. చాలక ఐదో రంగు పెన్ను కొన్నాను. దృష్టి మళ్ళించే యాప్‌లను మూసి ఉంచడానికి మరో మూడు యాప్‌లు. పరధ్యానం ఎంత లోతైనదో, రోజంతా ఇంకే పనీ లేకుండా దాన్ని గమనించినవాడికే తెలుస్తుంది!

మొదట్లో చెవులు మాట వినలేదు. మిషన్ చప్పుడులో చిన్న తేడా రాగానే సూది వంగిందని తెలిసిపోయేది. కాళ్ళు వాటంతటవే లేచేవి. బావమరిది దాన్ని వ్యసనం అన్నాడు. హెడ్‌ఫోన్లు కొని వాటిలో వాన చప్పుడు పెట్టుకున్నాను. వ్యసనం వదిలింది.

ఇంతలో మాకు మొట్టమొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. ఒక స్కూలుకు మూడు వందల బ్యాగులు, బడి తెరిచే నాటికి. ఒక్కదాంట్లో తేడా వచ్చినా మళ్ళీ మీ గుమ్మం తొక్కం అన్నారు. పట్టీల కొలతలు స్వయంగా, అఖండ ఏకాగ్రతతో గీసి, తలుపు కింద నుంచి కటింగ్ మాస్టరుకు తోశాను.

తర్వాత రెండు శుక్రవారాలు పెట్టె తెరవడం కుదరలేదు. ఆ నాలుగింటికే వారపు సమీక్ష పెట్టుకున్నాను మరి. మూడో శుక్రవారం తెరిస్తే ఒకే ఒక్క చీటీ.

"సార్, మీరు గీసిన దాంట్లో ఎడమ పట్టీ రెండంగుళాలు పొట్టి. ఏం చెయ్యమంటారు?"

తేదీ చూశాను. పదహారు రోజుల కిందటిది!

మూడు వందల మంది పిల్లలు ఒక పక్కకు ఒరిగి బడికి నడుస్తున్నట్టు కళ్ళకు కట్టింది. టైమర్ మోగకుండానే బయటికి పరిగెత్తాను. బ్యాగులు లేవు. బల్ల తుడిచి ఉంది. మాస్టరు టీ తాగుతున్నాడు.

"నిన్ననే పంపేశాం సార్. బాగున్నాయట. ఇంకో రెండొందలు కావాలన్నారు."

"మరి పట్టీలు?"

"సరిచేసే కోశాను."

"నన్ను అడగొద్దూ?"

"అడుగుదామనే వచ్చాను సార్. బల్బు వెలుగుతోంది."

"వెలగకపోతే?"

మాస్టరు గ్లాసులోకి చూశాడు. "మీరు ఇంకో డ్రాయింగ్ గీసేవారు సార్."

మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి, ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నారు.

ఆర్డరు దక్కింది. గుండె తేలికపడాలి. పడింది కూడా, ఒక నిమిషం పాటు. కూర్చుందామని నా స్టూలు కోసం చూశాను. దాని మీద దారపు రీళ్ళు పేర్చి ఉన్నాయి. చక్కగా, రంగుల వారీగా. తియ్యమని అడగడానికి నోరు రాలేదు.

క్యాబిన్‌లోకి వచ్చి తలుపు వేసుకున్నాను. స్విచ్ చేతి కిందే ఉంది. ఆర్పడం క్షణం పని. వేలు దాని మీద పెట్టి, చాలాసేపు ఉంచి, తీసేశాను.

యజమానులారా, మీరూ ఒక ఎర్ర బల్బు పెట్టించుకోండి! అది వెలుగుతున్నంతసేపూ, మన తలుపు ఎవరూ తట్టకపోవడానికి ఒక కారణం ఉంటుంది.