ఇద్దరి కోసం కొన్న బోర్డు

ఆ ఆదివారం పొద్దున్నే బకలార్ సరస్సు మీదికి తామిద్దరే వెళ్లాలని ఫెర్మిన్, అతని భార్య ఒతీలియా అనుకున్నారు. పెళ్లయినప్పటి నుంచి చుట్టాలు లేని ఆదివారం ఆమె ఎరగదు. "పుట్టినరోజుకి నాకింకేమీ వద్దు. నీళ్ల మీద నిలబడి తెడ్డు వేస్తారే, ఆ గాలి నింపే ప్యాడిల్ బోర్డు ఒకటి కొను. నువ్వే చూసి కొను, ఎవర్నీ అడక్కు" అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు.

ఫెర్మిన్ వారమంతా చదివాడు. ఆరంగుళాల మందం ఉండాలి, రెండు పొరలుండాలి, పంపుకి గాలి మీటరుండాలి. ఇంత చదివినవాడు వెళ్లి వెళ్లి నికనోర్ కొట్లో కాలు పెట్టాడు. ఫెర్మిన్ కూతురికి బాప్తిస్మమప్పుడు చేతుల్లో ఎత్తుకున్న జ్ఞానతండ్రి ఈ నికనోరే; ఆ వరసతోనే ఇద్దరూ బావా అని పిలుచుకుంటారు. అలాంటివాణ్ణి కాదని ఇంకో కొట్లో కొంటే చర్చి దగ్గర మొహం చూపించలేడు.

"బావా, ఇది పల్చగా ఉందేమో?"

"కొత్తగా నేర్చుకునేవాళ్లకి పల్చనిదే మంచిది బావా. పడ్డా దెబ్బ తగలదు."

"పంపుకి మీటరు లేదే?"

"నీ కూతుర్ని నా చేతుల్లో పెట్టినప్పుడు మీటరు అడిగావా?"

ఫెర్మిన్ డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. బోర్డు ఇంటికొచ్చింది.

కొత్త వస్తువు కొన్నవాడు అయినవాళ్లకి విందిచ్చి, బీరు పోసి దాన్ని తడపాలి, అది అక్కడి మర్యాద. నికనోర్ ఊరంతా చాటాడు. ఆదివారం గట్టు మీదికి ఇరవై మంది దిగారు. ఫెర్మిన్ అత్తగారు పంది మాంసం గిన్నెతో వచ్చింది. బావమరుదులు బీరు తాగుతూ వంతులవారీగా పంపు కొట్టి, చేతులు నొప్పెట్టాక చాలన్నారు. చాలిందో లేదో చెప్పే మీటరు లేదు కదా.

ఒతీలియా ఎక్కి నిలబడగానే బోర్డు మధ్యకి మడతపడింది. ఆమె నీళ్లలో పడింది. గట్టంతా చప్పట్లు.

"చెల్లెమ్మ కాస్త ఒళ్లు చేసింది" అన్నాడు నికనోర్.

ఒతీలియా మొగుడి మొహంలోకి చూస్తూ నిలబడింది.

"మొదట్లో అలాగే ఉంటుందట, బావ చెప్పాడు" అన్నాడు ఫెర్మిన్.

ఆమె జుట్టు పిండుకుని, పక్క రేవులో బోర్డులు అద్దెకిచ్చే చోటికి నడిచింది. ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి చూసింది. మందంగా, గట్టిగా ఉన్నది తీసుకుంది. మోకాళ్ల మీద మొదలెట్టి, మెల్లగా లేచి నిలబడి తెడ్డు వేసింది.

"ఒతీలియా, ఆగు! నేనూ వస్తాను!"

"ఇది ఒక్కరికే" అంది, వెనక్కి తిరగకుండా.

ఫెర్మిన్‌కి అప్పటికే నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి; అక్కడే ఆగాడు. ఆమె అన్నది బోర్డు గురించి కాదని అతనికి తెలుసు.

"ఎంత బాగా నిలబడిందో చూడు బావా!" అని నికనోర్ మురిసిపోయాడు.

అత్తగారు అప్పటికే కొత్త బోర్డుని నీడకి లాగించి, దాని మీద నడుం వాల్చింది. "అల్లుడూ, పడుకోడానికి మాత్రం మహా మెత్తగా ఉంది" అని మెచ్చుకుంది.