మాణిక్యమ్మ గారి శుక్రవారం క్లాసు

ఆ సోమవారం పొద్దున నుస్రత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. లెక్కల డిపార్టుమెంటులో ఎవరికెన్ని గంటల క్లాసులో తేల్చి, ఆ వర్క్‌లోడ్ పట్టిక డీన్ గారికి పంపేసి, మధ్యాహ్నం సెలవు పెట్టి గవర్నర్‌పేటలో భర్త కొట్టుకి వెళ్లాలి. అక్కడి నుంచి ఇద్దరూ కలిసి కొత్త మిక్సీ కొనుక్కోవాలి.

"ఈసారైనా వస్తావా, మళ్లీ టైం టేబుల్ అంటావా?" అన్నాడు కాశిం హెల్మెట్ పెట్టుకుంటూ.

"ఏముందండీ అందులో? పేర్లు, గంటలు. కూడితే అయిపోయింది."

కూడితే అవలేదు. ఆ యూనివర్సిటీలో లెక్చరర్‌కి వారానికి పదహారు గంటలు. అందరికీ పదహారేసి పంచాక, పాత బ్లాకులో కొత్తగా పెట్టిన ఫస్టియర్ సెక్షన్ మిగిలిపోయింది. శుక్రవారం మధ్యాహ్నమంతా దాని క్లాసులే, చెప్పే మనిషి మాత్రం లేదు. పోయిన ఏడాది చివర్లో పని తక్కువైందని దుర్గ అనే కాంట్రాక్టు లెక్చరర్‌ను పొడిగించలేదు. కొల్లేరు పక్క ఊళ్లో చేపలు పట్టే ఇంటి నుంచి చదువుకుని వచ్చిన పిల్ల. ఆ ఇంటికి ఆమె జీతమే పెద్ద ఆధారం. నుస్రత్‌కు ఆమె అంటే ప్రాణం.

"కొత్త ఫ్యాకల్టీ అని రాసి పంపెయ్యమ్మా," అన్నారు హెడ్డు రామకోటేశ్వరరావు గారు. "క్లాసుకి ఎవరూ రాకపోతే పిల్లలు గోల చేస్తారు. గోల చేస్తే డీన్ గారు పోస్టు ఇస్తారు. పోస్టొస్తే మన దుర్గనే పిలుద్దాం."

"దుర్గకి ఈ ఏడాది లేదని చెప్పారా సార్?"

"ఆఫీసు వాళ్లు చెప్పే ఉంటారు. అలాంటి కబురు మన నోటితో ఎందుకు, పాపం."

కంప్యూటర్ 'కొత్త ఫ్యాకల్టీ'ని ఒప్పుకోలేదు. మనిషి పేరు కావాలని ఎర్ర అక్షరాలతో మొండికేసింది. నుస్రత్ విసుగ్గా తల తిప్పింది. వెనక మూలన ఎవరూ తెరవని పాత ఇనప బీరువా ఉంది. దాని తలుపు మీద పెయింటు రాలిపోగా మిగిలిన పేరొకటి కనిపించింది. 'కె. మాణిక్యమ్మ, గణితం'. అదే కొట్టింది. పట్టిక వెంటనే పచ్చరంగుకు తిరిగింది. ఆ సాయంత్రమే మిక్సీ ఇంటికొచ్చింది.

మొదటి శుక్రవారం గడిచింది. పిల్లలు గోల చెయ్యలేదు. రెండోది కూడా చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. మూడోది గడిచిన మర్నాడు డీన్ లక్ష్మీకాంత్ గారు వరండాలో ఎదురై చెయ్యెత్తి ఆపారు.

"నుస్రత్ గారూ, మీ మాణిక్యమ్మ గారెవరండీ? ఆవిడ క్లాసుకి హాజరు అదిరిపోతోంది. శుక్రవారం మధ్యాహ్నం ఒక్కడూ ఎగ్గొట్టడం లేదు!"

నుస్రత్ ఫైలు మూసింది. "హాజరు... ఎవరేస్తున్నారండీ?"

"భలేవారే! క్లాస్ లీడర్ చీటీ తెచ్చిస్తాడు, టైం టేబుల్లో ఎవరి పేరుంటే వాళ్ల పేరు మీద ఎక్కుతుంది. రివాజేగా."

స్టాఫ్ రూముకు ఎలా వచ్చి పడిందో ఆమెకు తెలియలేదు. అటెండర్ బసవయ్య టీ పోస్తుంటే, గొంతు తగ్గించి అడిగింది. "బసవయ్యా, మాణిక్యమ్మ గారంటే నీకు తెలుసా?"

కెటిల్ గాల్లో ఆగింది. "ఆ పేరు మీకెవరు చెప్పారమ్మా? నేను కొత్తగా చేరినప్పుడు ఉండేవారు. పాత బ్లాకులో పాఠం చెబుతా చెబుతా, చెయ్యి బోర్డు మీదుండగానే పోయారు. శుక్రవారమే."

"శుక్రవారమే అని గుర్తుందా?"

"శుక్రవారమేనమ్మా. ఇంకో మాట చెప్పనా? ఈ మధ్య శనివారం పొద్దున ఊడవడానికెళ్తే, ఆ గదిలో బోర్డు శుభ్రంగా తుడిచి ఉంటంది. ఈ రోజుల్లో బోర్డు తుడిచి వెళ్లే లెక్చరరెవరమ్మా?"

నుస్రత్‌ టీ కప్పు అందుకుంది. తను కూడా తుడవదు.

కాలవ అవతల ఉంది పాత బ్లాకు. వెనక గేటు దగ్గరే బస్‌స్టాప్. మెయిన్ బ్లాకు వాళ్లు అటు తొక్కరు. అయినా మనసాగక ఆ సెక్షన్ పిల్లలు ఇద్దరిని క్యాంటీన్ దగ్గర పట్టుకుంది.

"మీ లెక్కల మేడం ఎలా ఉంటారమ్మా?"

"సన్నగా ఉంటారండి. చప్పుడు చెయ్యకుండా వస్తారండి," అంది ఒక పిల్ల.

"గంట కొట్టగానే మాయమైపోతారండి," అంది రెండోది. "మాణిక్యమ్మ మేడం అని పిలిస్తే పలకరండి. నవ్వి ఊరుకుంటారు."

"ఈ ఊరేనా అంటే, నీళ్ల దగ్గర్నుంచి వస్తానన్నారండి."

ఈ మాటతో నుస్రత్ వీపు మీద ఎవరో తడిచెయ్యి వేసినట్టయింది.

కబురు డిపార్టుమెంటులో పాకింది. రామకోటేశ్వరరావు గారి బల్ల మీద నిమ్మకాయ, నుస్రత్ చేతికి అత్తగారు పంపిన తావీదు వచ్చాయి. బీరువా మొహాన్ని గోడవైపు తిప్పేశారు. ఈలోపు పరీక్షల విభాగం మాణిక్యమ్మ గారికి ఇన్విజిలేషన్ డ్యూటీ వేసింది. లెక్చరర్లకు పిల్లలిచ్చిన మార్కుల్లో ఆవిడే మొదటి స్థానంలో నిలిచారు. ఆ పట్టిక చూసి హెడ్డుగారికి భయంతో పాటు కాస్త ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. "బతికున్న మనకి ఇన్ని మార్కులు ఎప్పుడైనా వేశారమ్మా?"

అసలు దెబ్బ ఆ తరవాత పడింది. డీన్ గారి నుంచి ఒక లైను సందేశం వచ్చింది. 'మీ విభాగంలో పని భారం చక్కగా సర్దుబాటయింది కనుక కొత్త పోస్టు అవసరం లేదు. ఈ శుక్రవారం మాణిక్యమ్మ గారి క్లాసు చూసి అభినందిస్తాను.'

"అయిపోయింది సార్," అంది నుస్రత్. "పోస్టు పోయింది. దుర్గకి ఇక దారి లేదు. దొంగ పేరు ఎక్కించానని నా ఉద్యోగమూ పోతుంది."

"దెయ్యం ఉంటే నీ ఉద్యోగం ఉంటుందమ్మా," అన్నారు హెడ్డుగారు ఆలోచించి. "లేకపోతేనే కష్టం."

శుక్రవారం మధ్యాహ్నానికి ఆకాశం బొగ్గులా కమ్ముకుంది. కరెంటు పోయింది. డీన్ గారు ముందు, నిమ్మకాయ జేబులో పెట్టుకుని హెడ్డుగారు వెనక, తావీదు పట్టుకుని నుస్రత్ మధ్యలో కాలవ వంతెన దాటారు. కింద నీళ్లు కదలడం లేదు. పాత బ్లాకు మెట్లు చెమ్మగా, నాచు వాసన వేస్తున్నాయి. పై అంతస్తులో అన్ని గదులున్నా ఒక్క గొంతే వినిపిస్తోంది. మెల్లగా, నింపాదిగా, సుద్దముక్క బోర్డు మీద గీసుకునే చప్పుడుతో కలిసి.

"ఎక్స్ లేదనుకోండి. లేకపోయినా ఉందనుకునే మొదలుపెట్టాలి. చివరికి అదే దొరుకుతుంది."

హెడ్డుగారు ఆగిపోయారు. "మీరు వెళ్లండి సార్. నాకు మోకాలు..."

నుస్రత్ కళ్లు మూసుకుని తలుపు తోసింది. చీకటి గదిలో నిండుగా పిల్లలు, ఒక్కరూ కదలడం లేదు. బోర్డు దగ్గర తెల్ల చీర. ఆ తెల్ల చీర నెమ్మదిగా ఇటు తిరిగింది.

"అయ్యో, మేడం! మీరు ఇంతదూరం వచ్చారేంటండీ?" అంది దుర్గ.

నుస్రత్‌ దుర్గ చెయ్యి పట్టుకుంది. ఆమెను వరండాలోకి లాగింది. "నువ్వెందుకొచ్చావే?"

"క్లాసుకండీ. డిపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో టైం టేబుల్ పెట్టారుగా! అందరి పేర్లూ ఉన్నాయి, నా ఒక్కదాని పేరే లేదు. తెలియని పేరొకటి ఉంది. అంటే నేనేగా? పోయినేడు దుర్గాప్రసాద్ అని వెయ్యలేదేంటి నన్ను!"

"మరి స్టాఫ్ రూముకి ఒక్కసారైనా రావేం? ఆ పిల్లలకైనా నీ పేరు చెప్పవేం?"

దుర్గ తలొంచుకుంది. "అందరికీ పదహారు గంటలు, నాకు శుక్రవారం ఒక్కటే పడింది. మీ చలవే అనుకున్నా మేడం. పేరు బయటపడితే మిగతా వాళ్లు చూసి ఏడుస్తారని, ఇంకో సెక్షన్ అంటగడతారని, కైకలూరు బస్సు దిగి ఇటు నుంచి ఇటే పోతున్నా. జీతం లేటవుతుంటే... అది మామూలేగా."

"నిన్ను పొడిగించలేదని ఎవరూ చెప్పలేదా?"

"లేదే!" దుర్గ మొహం పాలిపోయింది. ఆ క్షణాన ఆమె నిజంగానే దెయ్యంలా కనిపించింది. "అయితే ఇన్నాళ్లూ నేను... లేనా అండీ?"

హెడ్డుగారు నుస్రత్‌ను, నుస్రత్ హెడ్డుగారిని చూశారు. డీన్ గారు మాత్రం బోర్డును చూస్తున్నారు.

"పిల్ల బాగా చెబుతోంది," అన్నారు చివరికి. "కానీ ఆ పోస్టులో మాణిక్యమ్మ గారున్నారు."

నుస్రత్ తావీదును గట్టిగా పట్టుకుంది. "సార్, ఆవిడ లేరు. బీరువా మీద పేరు. కంప్యూటర్ అడిగితే నేనే ఎక్కించాను. నన్నేమన్నా అనండి, క్లాసు చెప్పింది మాత్రం ఈ పిల్లే. ఆ పేరు తీసేసి దుర్గ పేరు పెట్టండి."

"ఎలా తీస్తానమ్మా? ఆవిడ కాగితాల మీద మూడు సంతకాలు నావే ఉన్నాయి. మొన్న పాలకమండలిలో ఆవిడ పేరు చెప్పి చప్పట్లు కొట్టించాను. లేదంటే నేనేమైపోవాలి?" డీన్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "ఉన్న మనిషిని తీసెయ్యడం తేలిక. లేని మనిషిని తియ్యడానికి మన దగ్గర రూలు లేదు. అయితే, ఉన్నవాళ్లకి సెలవు ఇవ్వొచ్చు."

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. మాణిక్యమ్మ గారు అనారోగ్యంతో దీర్ఘకాల సెలవు కోరినందున, ఆవిడ తిరిగొచ్చే వరకు ఆ స్థానంలో దుర్గను నియమించారు. దుర్గకు ఇన్నాళ్ల జీతం, మిగతా వాళ్లు తలా కాస్త వదిలించుకోగా పూర్తిగా పదహారు గంటల పని ఒకేసారి దక్కాయి. ఉత్తర్వు చదివి ఆమె మొదట ఏడ్చింది. తరవాత గంటలు చూసుకుని మళ్లీ ఏడ్చింది.

ఉత్తర్వు అడుగున డీన్ గారు సొంత దస్తూరితో ఒక వాక్యం చేర్చారు: వైద్యుడి నుంచి ఆరోగ్య ధ్రువపత్రం తెస్తే తప్ప మాణిక్యమ్మ గారిని తిరిగి విధుల్లో చేర్చుకోరాదు.